చెయ్యి వేస్తే దొరకాలి!

ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు ఇప్పుడు గ్రాముల లెక్కలు బాగానే వేస్తున్నారు. తేలిక బ్యాగు, తేలిక బూట్లు, తేలిక జాకెట్టు కొంటున్నారు. అయితే వాన మొదలయ్యాక రెయిన్ జాకెట్ ఎక్కడ పెట్టామో గుర్తురాకపోతే ఆ లెక్కలు అక్కరకు రావు. వీపున మోసే సంచిలో చిన్న చిన్న వస్తువుల్ని ఎలా సర్దుకోవాలి? అసలెన్ని పౌచ్‌లు కావాలి? ఏది ఎక్కడ ఉండాలి? సెలవులకి కొండెక్కబోయేవాళ్ల కోసమే ఈ వారం ముఖచిత్ర కథనం.

తెల్లవారుజామున రెండున్నర. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం కింద మంచులో వేసిన గుడారాలు. సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద సూర్యోదయం చూడాలంటే ఆ వేళకే బయల్దేరాలి. బయట గైడ్ పిలుస్తుంటాడు. లోపల ముగ్గురు మనుషులు, మూడు బ్యాగులు, వెలుగుతున్నది ఒకే ఒక్క దీపం. ఒకరి హెడ్‌ల్యాంప్ బట్టల అడుగున ఎక్కడో ఉంటుంది. ఇంకొకరికి ఒక చేతి గ్లవ్ దొరుకుతుంది, రెండోది దొరకదు. మూడో మనిషి బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ కోసం బ్యాగు మొత్తం బోర్లిస్తాడు. ఈలోపు సిద్ధమైనవాళ్లు బయట నిలబడి చలికి బిగుసుకుపోతారు. సిద్ధం కానివాళ్లు గ్లవ్స్ విప్పి వెతికి వెతికి, వేళ్లు మొద్దుబారి, ఆఖరికి జిప్పు కూడా లాగలేకపోతారు.

శీతకాలపు ట్రెక్కుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. వాళ్లలో ఎవరూ ఏదీ మరిచిపోయి రాలేదు. అన్నీ తెచ్చుకున్నారు, మంచివే కొనుక్కున్నారు. ఏది ఎక్కడుందో తెలియకపోవడం ఒక్కటే లోటు. కొండ మీద వేళకి చేతికందని వస్తువు ఉన్నా లేనట్టే. పైగా దాన్ని మోయడం అదనం.

ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. దానికి గాలి, తడి తోడైతే ఒంట్లో వేడి చాలా త్వరగా జారిపోతుంది. అలాంటి చోట వెతుకులాటలో పోయే పది నిమిషాలు ఊళ్లో పోయే పది నిమిషాల్లాంటివి కావు. అందుకే సర్దుకోవడాన్ని నీటుగా కనిపించడానికి చేసే పనిగా తీసుకోవద్దు. భద్రతలో అదీ ఒక భాగం.

మనకు చిన్నవే పెద్దవి

బరువు తగ్గించుకుని నడవాలన్న ఆలోచన ఎక్కువగా అమెరికాలోని సుదూర కాలిబాటల మీద పెరిగింది. తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించి బ్యాగులో మిగిలేదాన్ని వాళ్లు బేస్ వెయిట్ అంటారు. అది సుమారు 9 కిలోల లోపు ఉంటే లైట్‌వెయిట్, నాలుగున్నర కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్. ఆ బరువు తగ్గించడానికి వాళ్లు మొదట చూసేది మూడే మూడు: గుడారం, పడక, బ్యాగు. వాటిని ‘బిగ్ త్రీ’ అని పిలుచుకుంటారు. ఆ మూడూ మారిస్తే కిలోలకి కిలోలు తగ్గుతాయి.

మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో హిమాలయాలకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక నిర్వాహక సంస్థతోనే వెళ్తారు. గుడారం, స్లీపింగ్ బ్యాగు, కింద పరుచుకునే మ్యాట్, వంటసామాను సాధారణంగా వాళ్లే ఏర్పాటు చేస్తారు. కాబట్టి బిగ్ త్రీలో రెండు మన వీపు మీద ఉండనే ఉండవు. మిగిలేవి బట్టలు, చిన్న వస్తువులు. హెడ్‌ల్యాంపు, పవర్‌బ్యాంకు, మందులు, సన్‌స్క్రీన్, టూత్‌బ్రష్, సాక్సులు, గ్లవ్స్, టోపీ, ఎండు ఖర్జూరాలు, గుర్తింపు కార్డు... విడివిడిగా ఏదీ బరువనిపించదు. ఒక్కచోట పోస్తే మంచం నిండుతుంది.

అమెరికా పుస్తకాల్లో ఆఖరి అధ్యాయంగా వచ్చే చిన్న సామాను మన ట్రెక్కర్లకి మొదటి అధ్యాయం కావాల్సింది ఇందుకే. చిన్న వస్తువుల్ని సర్దుకోవడం వచ్చిందంటే మన బ్యాగు దాదాపు సర్దేసినట్టే.

తిత్తి నుంచి ఇంటి దాకా

చిన్న సామాను గురించి శ్రద్ధగా ఆలోచించినవాళ్లు అమెరికాలో చాలాకాలం నుంచే ఉన్నారు. ‘నెస్‌మక్’ అన్న కలంపేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం వెలువరించాడు. తనకంటూ తయారు చేయించుకున్న తేలికపాటి పడవతో సహా తన మొత్తం మోత 26 పౌన్లు, అంటే 12 కిలోలు దాటేది కాదని అందులో చెప్పుకున్నాడు. ఆయన దగ్గర ఒక బుల్లి తిత్తి ఉండేది. గేలాలు, దారాలు, సూదులు, బొత్తాలు, గాయానికి పూసే మందు, మైనం, గేలాలకి పదును పెట్టే ఆకురాయి అన్నీ అందులోనే. తిత్తితో కలిపి దాని తూకం రెండున్నర ఔన్సులు, మన లెక్కలో 70 గ్రాములు. ఏం ఉండాలో, ఎంత ఉండాలో ముందే తేల్చుకుని, దానికి సరిపడా సంచి కుట్టుకోవడం ఆ తిత్తి నేర్పే పాఠం. ఇప్పుడు చాలామంది ముందు సంచి కొని, తర్వాత దాన్ని నింపుతున్నారు.

1955లో ఎమా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమ్మమ్మ అపలాచియన్ ట్రెయిల్‌ని మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా నడిచారు. మూడువేల కిలోమీటర్ల పైచిలుకు దారి. కాళ్లకి కాన్వాసు బూట్లు. డెనిమ్ గుడ్డతో సొంతంగా కుట్టుకున్న ఒక సంచి భుజాన. గుడారం బదులు వాన నుంచి కాపాడటానికి స్నానాలగదికి కట్టుకునే తెర. ఆవిడ సంచిలో ఏదైనా వెతుక్కోవాల్సిన పరిస్థితే ఉండదు, ఎందుకంటే అందులో ఉన్నవే కొన్ని.

1968లో కాలిన్ ఫ్లెచర్ రాసిన ‘ద కంప్లీట్ వాకర్’ ఇంకో దారి చూపింది. వీపు మీద మోసేదాన్ని ఒక ఇల్లుగా భావించి, ఆయన తన పుస్తకాన్ని వంటగది, పడకగది, బట్టల బీరువా అంటూ గదులుగా విభజించాడు. ఆ తర్వాత 1992లో రే జార్డిన్ అనే ఇంజినీరు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవారికోసం రాసిన చేతిపుస్తకంతో అల్ట్రాలైట్ పద్ధతి ఊపందుకుంది. ఫ్రేములు, బరువైన నడుము పట్టీలు లేని సంచుల్ని తనే కుట్టుకుని, అవే చాలని నడిచి చూపించాడాయన.

వీళ్లలో ఫ్లెచర్ చెప్పిన ‘గదుల’ పద్ధతి వినగానే నచ్చుతుంది. మనలో చాలామంది తెలియకుండానే దాన్నే పాటిస్తాం. బట్టలన్నీ ఒక పౌచ్‌లో, కరెంటు వస్తువులన్నీ ఇంకో పౌచ్‌లో, ఒంటికి రాసుకునేవన్నీ మరో పౌచ్‌లో పెట్టేస్తాం. సామాను జాబితా రాసుకోవడానికి ఈ పద్ధతి చాలా మంచిది, ఏదీ మరిచిపోం. బ్యాగు సర్దుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. రెయిన్ జాకెట్, రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే పొడి సాక్సులు రెండూ బట్టలే. ఒకటి నడిదారిలో అరనిమిషంలో కావాలి, రెండోది క్యాంపుకి చేరాకే కావాలి. రెండూ ఒకే సంచిలో ఉంటే, వానలో ఆ సంచి విప్పినప్పుడు రాత్రికి దాచుకున్న సాక్సులూ తడుస్తాయి.

రకాన్ని బట్టి కాదు, వేళని బట్టి

బ్యాగులో వస్తువు చోటు దాని రకాన్ని బట్టి కాకుండా, అది అవసరమయ్యే వేళని బట్టి నిర్ణయించుకోవాలి. ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

తెలుగువాళ్లకి ఇది కొత్త విద్య కూడా కాదు. శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిని చూడండి. ముందు ముడిలో స్వామికి సమర్పించే నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు. వెనక ముడిలో దారిలో తనకు కావలసిన తిండి సామాను. దారిపొడవునా విప్పాల్సి వచ్చేది వెనకదాన్నే. ముందుదాన్ని సన్నిధానం చేరేదాకా కదిలించే పనిలేదు. రెండింట్లోనూ తినదగ్గవి ఉన్నాయని ఎవరూ ఒకేచోట కట్టరు. ఎప్పుడు విప్పాలన్నదాన్ని బట్టే ముడి పడుతుంది.

ట్రెక్కింగ్ బ్యాగుకి ఇలాంటి ముళ్లు నాలుగు కావాలి. నడుస్తూ ఉండగా కావలసినవి. ఆగినప్పుడు కావలసినవి. బస చేశాక కావలసినవి. ఆపదలో కావలసినవి. ఒక్కొక్కటే చూద్దాం.

నడుస్తూ ఉండగా

బ్యాగు భుజాల మీంచి దించకుండానే అందాల్సినవి ఇవి. వీటికి చోటు నడుము పట్టీ జేబులు, భుజం పట్టీకి తగిలించే చిన్న పౌచ్, పక్కనుండే నీళ్లసీసా జేబు. ఫోను, పెదాలకి రాసుకునే బామ్, చిన్న సీసాలోకి మార్చుకున్న సన్‌స్క్రీన్, చేతిరుమాలు, ఆ పూటకి సరిపడా పల్లీచిక్కీ లేదా డ్రైఫ్రూట్స్. అంతే.

చిరుతిండి మొత్తం ఇక్కడ పెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఏ రోజుది ఆ రోజు ఉదయం తీసుకుని జేబులో వేసుకుంటే నడుము తేలికగా ఉంటుంది, ఆఖరి రోజుకి తిండి మిగులుతుంది. నీళ్లసీసా వెనక్కి చెయ్యి పెడితే అందాలి, అందిన చేత్తోనే తిరిగి పెట్టగలగాలి. అలా అందకపోతే చాలామంది నీళ్లు తాగడమే తగ్గించేస్తారు. ఎత్తైన చోట అది ఒంటికి మంచిది కాదు.

ఆగినప్పుడు

బ్యాగు దించుతాం, కానీ లోపలి పెద్ద అర తెరవం. ఇది రెండో ముడి. బ్యాగు పైమూత జేబు, ముందువైపు ఉండే వల జేబు దీనికి చోటు. రెయిన్ జాకెట్ లేదా పోంచో, గాలికి వేసుకునే పల్చని జాకెట్, టోపీ, గ్లవ్స్, నీళ్లు శుభ్రం చేసుకునే మాత్రలు లేదా ఫిల్టరు, మధ్యాహ్నం తిండి, మలవిసర్జనకు కావలసిన సామాను ఇక్కడే ఉండాలి.

హెడ్‌ల్యాంపు కూడా ఇక్కడిదే. దీపం రాత్రి వాడేది కదా అని బస సామానులో పెట్టేస్తారు. చీకటి మాత్రం క్యాంపు చేరేదాకా ఆగుతుందన్న హామీ లేదు. ఒకరి మడమ మెలిపడితే, వాగు దాటడం ఆలస్యమైతే దారిలోనే పొద్దు గూకుతుంది. అప్పుడు దీపం కోసం పెద్ద అర విప్పే పరిస్థితి రాకూడదు.

మలవిసర్జన పౌచ్ గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. చిన్న తవ్వుగోల, కాగితం, శానిటైజర్, వాడిన కాగితాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మందమైన జిప్‌లాక్ కవరు. నీటికి 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీయడం కొండల మర్యాద. ఆడవాళ్లు శానిటరీ సామాను ఇందులోనే లోపలిది కనిపించని కవరులో పెట్టుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు, పెద్ద అర తెరవక్కర్లేదు. వాడినవి కూడా అలాగే కిందికి తిరిగొచ్చేస్తాయి.

బస చేశాక

పెద్ద అర తెరిచేది రోజుకి రెండే సార్లు కావాలి: సాయంత్రం గుడారంలో, ఉదయం బయల్దేరేముందు. అడుగున స్లీపింగ్ బ్యాగు లేదా రాత్రి బట్టలు. మధ్యలో, వెన్నుకి ఆనుకుని బరువైనవి. వాటి చుట్టూ, పైన తేలికైన బట్టలు. బరువు వెన్నుకి దూరంగా జరిగేకొద్దీ బ్యాగు మనిషిని వెనక్కి లాగుతుంది, దానికి ఎదురు నిలబడటానికి నడుము వంగుతుంది. ఫ్రేము లేని సంచి వాడేవాళ్లు మడత మ్యాట్‌ని వీపు వైపు నిలబెట్టి దాన్నే వెన్నుదన్నుగా చేసుకుంటారు.

ఈ అరలో చిన్న సామానుకి ఒకే ఒక్క ‘రాత్రి పౌచ్’ చాలు. పవర్‌బ్యాంకు, ఛార్జింగ్ తీగ, టూత్‌బ్రష్, చిన్న పేస్టు, రోజూ వేసుకునే మందులు, చెవుల్లో పెట్టుకునే దూది. గుడారంలోకి వెళ్లగానే ఈ పౌచ్ తలదగ్గర పెట్టుకుంటే మళ్లీ బ్యాగులో చెయ్యి పెట్టే పనుండదు.

చలికాలంలో ఈ పౌచ్‌ని స్లీపింగ్ బ్యాగులోకే తీసుకుని పడుకోవాలి. లిథియం బ్యాటరీలు చలికి శక్తి కోల్పోతాయి. రాత్రి నిండుగా ఉన్న ఫోను తెల్లారేసరికి చచ్చిపోయి కనిపించేది అందుకే. సన్నటి గొట్టాలతో చేసిన నీటి ఫిల్టర్లది ఇంకా పెద్ద సమస్య. ఒకసారి వాడాక లోపల మిగిలిన నీరు గడ్డకడితే ఆ గొట్టాలు పగిలిపోతాయి. బయటికేమీ తెలియదు, నీళ్లు వస్తూనే ఉంటాయి, సూక్ష్మక్రిములు మాత్రం ఆగవు. అందుకే గడ్డకట్టే చలిలో ఫిల్టరు పగలు నడిచేటప్పుడు జాకెట్ లోపలి జేబులో, రాత్రిపూట ‘రాత్రి పౌచ్’లో ఉండాలి.

శిఖరం ఎక్కే రోజున పెద్ద బ్యాగు క్యాంపులో వదిలి చిన్న సంచితో వెళ్తాం. వేళని బట్టి సర్దుకున్నవాళ్లకి ఆ పని క్షణాల్లో అయిపోతుంది. నడక సామాను ఒంటి మీదే ఉంటుంది, ఆగినప్పటి సామాను, ఆపద సామాను చిన్న సంచిలోకి మారతాయి, బస సామాను కదలదు.

ఆపదలో

నాలుగో ముడి అతి చిన్నది, అతి ముఖ్యమైనది. గాజు గుడ్డ, అంటుపట్టీ, బొబ్బలకి వేసే టేపు, నొప్పిమాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, డాక్టరు చెబితే ఎత్తుకి సంబంధించిన మాత్రలు, వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి, నాలుగు పిన్నీసులు, సూది, గట్టి దారం. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం చిరిగిన బ్యాగు కుట్టడానికి కూడా పనికొస్తుంది, అది ఒక్కటి పెట్టుకుంటే రెండు పనులు.

మాత్రల్ని స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బీలో పోసుకోవడం వద్దు. తేలికవుతుంది నిజమే. తెల్లమాత్రలన్నీ ఒక్కలాగే ఉంటాయన్నదీ నిజమే. స్ట్రిప్పుని కత్తిరించినా పేరు, గడువు తేదీ ఉన్న భాగం మిగిలేలా కత్తిరించాలి. ఏది ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ఒక చీటీ మీద తెలుగులోనో, తోటివాళ్లకి అర్థమయ్యే భాషలోనో రాసి అందులోనే పెట్టాలి.

విజిల్ మాత్రం పౌచ్‌లో ఉండకూడదు, భుజం పట్టీకే ఉండాలి. చాలా బ్యాగుల్లో ఛాతీ పట్టీ బకిల్‌కే విజిల్ ఉంటుంది, ఒకసారి చూసుకోండి. నిమిషానికి ఆరు ఊదులు, తర్వాత ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఆరు ఊదులు అంటే కొండల్లో సహాయం కావాలని అర్థం. నిమిషానికి మూడు వినిపిస్తే సమాధానం వచ్చిందన్నమాట.

పౌచ్‌లు ఎన్ని?

నాలుగు వేళలకి నాలుగు చోట్లు అన్నాం కానీ నాలుగు డజన్ల సంచులు అనలేదు. నడక సామానుకి జేబులే చాలు, పౌచ్ అక్కర్లేదు. ఆపదకి ఒకటి, రాత్రికి ఒకటి, మలవిసర్జనకి ఒకటి, చెత్తకి ఒకటి. బట్టలకి కావాలంటే ఒకటి. ఇంతకు మించితే సంచులే సామాను అయిపోతాయి. మందమైన పౌచ్ ఒక్కోటి 60 గ్రాములు తూగిందనుకుంటే, ఎనిమిది పౌచ్‌లకి దాదాపు అరకిలో ఖాళీ సంచుల బరువే మోస్తున్నట్టు. సంచిలో సంచి, అందులో ఇంకో సంచి పెట్టామంటే ప్రతి పొర ఒక జిప్పు, ప్రతి జిప్పు ఒక ఆలస్యం.

ఏ గుడ్డ మంచిది? పల్చటి నైలాన్‌కి సిలికాన్ పూత పూసిన సిల్‌నైలాన్ సంచులు మన్నుతాయి, ధరా అందుబాటులో ఉంటుంది. డైనీమా కాంపోజిట్ అనే గుడ్డ ఇంకా తేలిక, నీటిని అసలు పీల్చదు. పడవ తెరచాపల కోసం పుట్టిన గుడ్డ అది, ఒకప్పుడు దాన్ని క్యూబెన్ ఫైబర్ అనేవారు. ధర ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దానికోసం తాపత్రయపడక్కర్లేదు. మందమైన జిప్‌లాక్ కవర్లు తేలిక, చవక, లోపలేముందో కనిపిస్తుంది. మడతల దగ్గర చిరుగుతాయి కాబట్టి ఒకటి అదనంగా పెట్టుకోవాలి, చిరిగినదాన్ని కొండ మీద వదలకుండా తెచ్చుకోవాలి.

స్లీపింగ్ బ్యాగుని దాని గుండ్రటి సంచిలో కుక్కి గట్టి ముద్దలా చేయడం కన్నా, నీరు చొరని పెద్ద కవరులో వదులుగా దూర్చితే మూలలన్నీ నింపుకుంటుంది. ఒక సంచి తగ్గుతుంది, బ్యాగు ఆకారం కుదురుతుంది.

తడి, చీకటి

బ్యాగు మీద కప్పే రెయిన్ కవరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వీపుకీ బ్యాగుకీ మధ్య నుంచి నీరు కారుతూనే ఉంటుంది, గాలికి కవరు ఎగిరిపోతుంది కూడా. బ్యాగు లోపల ఒక పెద్ద మందపాటి పాలిథీన్ కవరు పరిచి, తడవకూడనివన్నీ అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడిచేయండి. ఆ ఒక్క కవరు ఉంటే లోపల ప్రతి పౌచూ వాటర్‌ప్రూఫ్ కావాల్సిన పనిలేదు. రెయిన్ జాకెట్, పోంచో మాత్రం దీని బయటే ఉండాలి. తడిసినదాన్ని లోపలికి తోస్తే కవరు పెట్టిన ప్రయోజనమే పోతుంది.

పౌచ్‌లని రంగుల్ని బట్టి గుర్తుపెట్టుకోవడం మంచి అలవాటు. పగలు చక్కగా పనిచేస్తుంది. రాత్రి గుడారంలో పక్కవాళ్ల నిద్ర చెడకుండా హెడ్‌ల్యాంపులో ఎర్రదీపం వేసుకుంటే మాత్రం మోసపోతాం. ఎర్ర వెలుగులో ఎరుపు పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది, నీలం ఆకుపచ్చలు నల్లబడతాయి. ఎర్రది మందుల పౌచ్ అనుకున్నవాళ్లకి ఎరుపే కనిపించదు. దానికి విరుగుడు స్పర్శ. ప్రతి పౌచ్ జిప్పుకీ ఒక తాడుముక్క కట్టండి. మందుల పౌచ్ తాడుకి ఒక ముడి, రాత్రి పౌచ్‌కి రెండు ముళ్లు, మలవిసర్జన పౌచ్‌కి మూడు. చీకట్లో వేళ్లే చెబుతాయి ఏది ఏదో. గ్లవ్స్ తీయకుండా జిప్పు లాగడానికీ ఆ తాడే ఆధారం.

వాసన వచ్చేవి

వేళని బట్టి సర్దుకోవాలన్న సూత్రానికి మినహాయింపు ఒకటుంది. అమెరికాలో ఉంటూ సెలవులకి కొండలెక్కే తెలుగువాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. యోసెమిటీ నేషనల్ పార్కులాంటి చోట అడవిలో రాత్రి బస చేయాలంటే తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టడం తప్పనిసరి. తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, లిప్ బామ్, సబ్బు, వాసన వచ్చే ప్రతిదీ అందులోకి వెళ్లాలి. ఆ డబ్బా ఒక్కటే సుమారు కిలో తూగుతుంది. అక్కడ పగలు వేళని బట్టి, చీకటి పడ్డాక వాసనని బట్టి సర్దుకోవాలి. సాయంత్రం కాగానే నడుము జేబులు దులిపి చూసుకోవడం అలవాటు చేసుకోండి. జేబులో మరిచిపోయిన ఒక చాక్లెట్ కాగితం చాలు ఎలుగుని పిలవడానికి. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగు జనం మీదికి రావడం మొదలుపెడితే, ఆఖరికి దాని ప్రాణానికే ముప్పు.

మన కొండల మీద

శేషాచలం, నల్లమల, మన్యం కొండల్లో చలికన్నా వేడి, దాహం పెద్ద పరీక్ష. లీటరు నీళ్లంటే కిలో బరువు, తప్పించుకోలేం. మూడు లీటర్లు మోస్తున్నప్పుడు మిగతా సామానులో చేసే పొదుపే భుజాలకి విశ్రాంతి. ఇక్కడ ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆపద పౌచ్‌లోంచి నడుము జేబులోకి మారాలి. ఫ్లీస్ జాకెట్ బదులు ఒక పల్చటి కాటన్ తువ్వాలు చాలు, తడిపి మెడకి చుట్టుకోవడానికి.

తిరుపతి జిల్లా నాగలాపురం లాంటి చోట నడకలో సగం వాగుల్లోనే సాగుతుంది, మడుగులు దాటాలి. అక్కడ ఫోను, తాళాలు, డబ్బు, మందులు మూతి చుట్టి బిగించే చిన్న డ్రై బ్యాగులో ఉండాలి. నీళ్లలోకి దిగేముందు ఆ బ్యాగుని మూసి, గట్టిగా నొక్కి గాలి బయటికి రాకుండా ఉందో లేదో చూసుకోవాలి. అడవిశాఖ అనుమతి కాగితం, గుర్తింపు కార్డు ఒకే పల్చని కవరులో పైజేబులో పెట్టుకుంటే చెక్‌పోస్టు దగ్గర అందరి బ్యాగులూ విప్పే పని తప్పుతుంది.

విమానంలో వెళ్లేవాళ్లకి ఇంకొక సర్దుబాటు. పవర్‌బ్యాంకు చెక్ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు, సాధారణ పరిమితి 100. చాకు, మైక్రోస్పైక్స్, నడక కర్రలు చెక్ఇన్‌లోకి. గ్యాస్ సీసాలు ఎందులోనూ కుదరవు, అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలి. రాత్రి పౌచ్ మొత్తాన్నీ చేతి సామానులో పెట్టుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. పెద్ద బ్యాగు ఆలస్యంగా వచ్చినా ఒక రాత్రి గడుస్తుంది.

పక్కవాళ్లకీ తెలియాలి

సర్దుకోవడంలో ఆఖరి మెట్టు ఇంకొకరికి చూపించడం. కాలు జారి పడిపోయిన మనిషి తన మందుల పౌచ్ తనే తీసుకోలేకపోవచ్చు. ఎత్తుకి తల తిరిగి, మాట తడబడుతున్న మనిషికి తన జాకెట్ ఎక్కడుందో చెప్పడం రాకపోవచ్చు. ఆ క్షణంలో మన బ్యాగు తెరిచేది పక్కవాళ్లే. వాళ్లకి మొదటి ప్రయత్నంలోనే దొరకాలి. అందుకే బృందంగా వెళ్లేవాళ్లందరూ ఆపద పౌచ్‌ని ఒకే చోట, పైమూత జేబులో పెట్టుకోవాలన్న నియమం పెట్టుకోవాలి. బృందం నడిపేవాళ్లు మొదటి రోజు ఉదయం ఐదు నిమిషాలు దీనికే కేటాయించాలి. ‘వాన’ అంటే అందరూ జాకెట్ తీయాలి, ‘దెబ్బ’ అంటే పక్కవాళ్ల మందుల పౌచ్ తీయాలి. ఎవరికి ఆలస్యమైందో అక్కడే, ఎండలో, నవ్వుకుంటూ సరిచేసుకోవచ్చు.

బ్యాగుని చిన్నగా, పద్ధతిగా ఉంచుకుంటే దాన్ని మోసే ప్రాణులకీ మేలే. హిమాలయాల్లో డబ్బు కట్టి బ్యాగుని కంచరగాడిద మీదో పోర్టర్ వీపు మీదో పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆరోగ్యం సహకరించనివాళ్లకి అది అవసరమే. ‘ఎలాగూ మనం మోయం కదా’ అని నింపిన ప్రతి అనవసరపు వస్తువునీ ఎవరో ఒకరు మోయాల్సిందే. తన సామాను తాను మోసుకోగలిగేంతకి కుదించుకోవడం కొండ పట్ల, కొండ మనుషుల పట్ల చూపే గౌరవం.

దీనికి ఖరీదైన వస్తువులేవీ అక్కర్లేదు. వంటింట్లో వాడే డిజిటల్ తూకం, ఒక కాగితం, కొన్ని తాడుముక్కలు చాలు. బ్యాగులో ఉన్నదంతా చాపమీద పోయండి. ఒక్కొక్క వస్తువునీ చేతిలోకి తీసుకుని ‘ఇది ఎప్పుడు కావాలి?’ అని అడగండి. నడుస్తూనా, ఆగినప్పుడా, బసలోనా, ఆపదలోనా? ఏ వేళా చెప్పలేని వస్తువు ఇంట్లోనే ఉండిపోవచ్చు. మిగిలినవి సర్దాక గదిలో దీపం ఆర్పి, గ్లవ్స్ తొడుక్కుని, ఇంట్లోవాళ్లని ఒక్కో వస్తువు పేరూ పిలవమనండి. జాకెట్, దీపం, మందులు, విజిల్... పిలిచిన ప్రతిదీ వెతకకుండా చేతికి వచ్చేదాకా సర్దండి. అలా వచ్చిన రోజున టికెట్లు బుక్ చేసుకోండి.